ధవళేశ్వరాన్ని నడిపించి చూపించడం ఎలా?

చుట్టాలొచ్చి గోదావరి చూపించమంటే చాలామంది కారులో బ్యారేజీ దాటించి, మధ్యలో ఒక ఫొటో తీయించి ఇంటికి తెచ్చేస్తారు. ధవళేశ్వరం అలా అర్థం కాదు. ఒక పూట నడవాలి, అదీ ఆనకట్టకు రాయి వెళ్లిన దిక్కునే, కొండ నుంచి ఏటికి.

శీతాకాలంలో ఉదయం ఆరున్నరకు బయలుదేరండి. మనిషికో నీళ్ల సీసా, నెత్తికి తువ్వాలు చాలు. పదిమందికి మించితే వెనకవాళ్లకు మీ మాట వినపడదు.

ముందు జనార్దనస్వామి కొండ ఎక్కించండి. దర్శనమయ్యాక అందరినీ ఏటివైపు తిప్పి నిలబెట్టండి. కథ చెప్పాల్సిన చోటు ఇదే. 1830లలో కరవు, ఆపైన 1839 ఉప్పెన, కళ్లెదుటే గోదారి పారుతున్నా తిండిలేని డెల్టా. ఆర్థర్ కాటన్ ఆనకట్టకు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో పిల్లలనే అడగండి. జవాబు కిందే ఉంది. ఏరు వెడల్పుగా పరుచుకుంది కాబట్టి వడి తక్కువ. నడుమ లంకలున్నాయి కాబట్టి పాయకో ముక్క చొప్పున కట్టుకోవచ్చు. రాయి చుట్టుపక్కల కొండల్లోనే దొరికింది. 1847లో మొదలైన పని 1852కల్లా ముగిసింది. ఇసుకలో పునాది ఎలా నిలిచిందని ఎవరైనా అడిగితే సంతోషించండి. ఆ కిటుకు కాటన్‌కు కావేరి మీది పాత ఆనకట్ట కల్లణై నేర్పింది. ఆయన పక్కనుండి పని నడిపిన వీణం వీరన్న పేరు మాత్రం మరిచిపోకండి. కాటన్ విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, వీరన్న సంగతి చెప్పేవాళ్లే తక్కువ.

కొండ దిగాక కాటన్ మ్యూజియం. నేను మొదటిసారి ఇక్కడి నుంచే మొదలుపెట్టాను. పది నిమిషాలకే పిల్లలు "ఇంకెంతసేపు?" అన్నారు. ఏటిని చూసి వచ్చినవాళ్లకైతే ఆనాటి పనిముట్లు వాటంతటవే మాట్లాడతాయి. తెరిచే వేళలు ముందే కనుక్కోండి.

తరువాత లాకుల దగ్గర పావుగంట ఆగండి. రెండు తలుపుల మధ్య ఒక తొట్టి అనుకోమనండి. కాలువలోంచి పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపు మూస్తారు. ఏటి నీరు మెల్లగా వదిలితే పడవ లేస్తుంది, మట్టం కలిశాక ముందు తలుపు తీస్తారు. బస్సులూ లారీలూ రాకముందు ఈ కాలువల మీదే ధాన్యం కాకినాడ చేరేది. గుంపులో పెద్దవాళ్లెవరైనా పడవ ప్రయాణం తలుచుకుంటే మీరు నోరు మూసుకుని వినండి.

చివరగా బ్యారేజీ. పాత ఆనకట్ట బలహీనపడ్డాక కట్టినది, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం ముక్కలన్నీ కలిపి 175 గేట్లు. వాహనాలు ఆగవు, ఒకరి వెనక ఒకరిని ఒకే అంచున నడిపించండి. నీటిని చూపిస్తూ మూడు అంకెలు చెప్పండి: 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వానాకాలంలో లంకవాసులు ఈ అంకెలు విని పశువులను గట్టెక్కించుకుంటారు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు వెంట ఉంటే ఆ ముచ్చట వాళ్లకే వదిలేయండి.

అన్ని గేట్లూ లెక్కపెడతామని పిల్లలు పట్టుబడతారు, ఒప్పుకోకండి. అప్పటికి ఎండ ముదురుతుంది. ఆటో ముందే మాట్లాడి ఉంచుకోండి.