పోటీల్లో టైటిల్ లేని గొర్రెల కుక్కను పిల్లల కోసం జతకట్టించే ముందు జాగ్రత్తలు

బ్రిటన్ కొండ పొలాల్లో మంద కాసే బోర్డర్ కోలీల్లో చాలావాటికి పోటీల మొహమే తెలీదు. కప్పు లేదని కుక్కను తీసిపారేయొద్దు. అలాగని "మా దగ్గర బ్రహ్మాండంగా చేస్తుంది" అన్న యజమాని మాటా చాలదు.

ముందు పని చూడండి. అలవాటైన మందలో ఏ కుక్కైనా తెలివైనదిగానే కనిపిస్తుంది. కొత్త పొలంలో, కొత్త గొర్రెల మీద రెండు మూడుసార్లు వదలండి. 200 గజాలు పంపితే మందను చీల్చకుండా వెడల్పుగా చుట్టి మంద వెనకవైపుకు చేరాలి. పిల్లతల్లి గొర్రె ఎదురు తిరిగి కాలు నేలకేసి కొట్టినప్పుడు కుక్క మొహం తిప్పుకుంటుందా, చూపు నిలిపి ఓ అడుగు ముందుకేస్తుందా? అసలు పరీక్ష అదే. చటుక్కున కరిచి పక్కకు పారిపోయేది ధైర్యం కాదు, బెదురు.

ఏడాది నిండాక తుంటి ఎక్స్‌రే. వంశపారంపర్యంగా వచ్చే కంటి జబ్బు కోలీ ఐ అనామలీకి డీఎన్ఏ పరీక్ష: తల్లీతండ్రీ రెండూ క్యారియర్లయితే (జబ్బు లేకున్నా దాని జన్యువు మోసేవైతే) ఒక్కో పిల్లకు 25 శాతం ముప్పు, ఒకటి క్లియర్ (ఆ జన్యువు లేనిది) అయితే జబ్బు పిల్లలు పుట్టవు. జతకట్టించినప్పుడు అంటుకునే బ్యాక్టీరియా బ్రూసెల్లా కానిస్‌కు రెండింటికీ రక్తపరీక్ష తప్పనిసరి. మెర్ల్‌కు (మచ్చలమచ్చల రంగు కుక్కకు) మెర్ల్‌ను ఎప్పుడూ కట్టించొద్దు. పిల్లలకు చెవుడు, గుడ్డితనం రావచ్చు.

కాగితాల సంగతి: 1906లో మొదలైన ఇంటర్నేషనల్ షీప్‌డాగ్ సొసైటీలో, వంశపత్రం లేని కుక్కనైనా పని చూసి నమోదు చేసుకునే దారి ఉంది. ఎదకు రాకముందే అది చూసుకోండి.

ఈతకు ఆరు పిల్లలు మామూలే. మందలేని ఇంటికి, చేతినిండా పని పెట్టలేనివాళ్లకు ఇస్తే సైకిళ్లను, కార్లను తరుముతాయి.