ఎదిగిన కుక్కతో ఎజిలిటీ మొదలుపెట్టడం ఎలా?

హర్డిల్ దూకడం, టన్నెల్లో దూరడం, కర్రల మధ్య మెలికలు తిరగడం, ఎత్తు పలకెక్కి దిగడం. వీటిని జడ్జి పెట్టిన వరసలో, తప్పుల్లేకుండా, తక్కువ సమయంలో ముగించాలి. ఎజిలిటీ అనే కుక్కల ఆట అంటే ఇదే. గుర్రాల జంపింగ్ పోటీల పోలికతో 1978లో లండన్‌లోని క్రఫ్ట్స్ డాగ్ షోలో ప్రదర్శనగా ఇది మొదలైంది. కుక్కతోపాటు మీరూ పరుగెత్తుతారు. కానీ పోటీలో కుక్కను ముట్టుకోకూడదు, చేతిలో తిండిగానీ బొమ్మగానీ ఉండకూడదు. మాటతో, ఒంటి కదలికతోనే దారి చూపాలి.

కొత్తవాళ్ల దృష్టంతా అడ్డంకుల మీదే ఉంటుంది. నిజానికి టన్నెల్ నేర్పడం ఒక పూట పని. నెలలు పట్టేది ఒక అడ్డంకి నుంచి ఇంకో అడ్డంకికి మధ్యనున్న ఆ కొద్దిపాటి ఖాళీ. కుక్క తప్పిపోయేదీ, తప్పుడు టన్నెల్లో దూరేదీ, వాసన చూస్తూ నిలబడిపోయేదీ అక్కడే.

ముందు పశువైద్యుడు

ఏడాదిన్నర దాటిన కుక్కకు సాధారణంగా ఎముకల ఎదుగుదల పూర్తవుతుంది. భారీ జాతులకు ఇంకాస్త ఆలస్యం. కుక్కపిల్లతో అయితే హర్డిల్ ఎత్తు పెంచడానికి నెలల తరబడి ఆగాలి, ఇక్కడ ఆ బాధ లేదు. బదులుగా పాత దెబ్బలు, పెరిగిన బరువు ఉంటాయి. తుంటి, మోచేతులు, మోకాళ్లు, వెన్ను, గుండె, కళ్లు పరీక్ష చేయించండి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే నొక్కకుండానే ఎముకలు తగలాలి. తగలకపోతే ముందు బరువు తగ్గించాలి, దూకడం తర్వాత. గోళ్లు కత్తిరించి ఉంచండి. పొడవు గోళ్లు మలుపుల్లో పట్టు తప్పిస్తాయి, చీలిపోతాయి కూడా. నడుం పొడవుగా, కాళ్లు పొట్టిగా ఉన్న జాతులకు ఎత్తు బాగా తగ్గించాలి. చప్పిడి ముక్కు కుక్కలు త్వరగా వేడెక్కిపోతాయి కాబట్టి వాటికి పాఠం ఇంకా చిన్నదిగా ఉండాలి.

నేల గడ్డిదో మెత్తటి మట్టిదో కావాలి. సిమెంటు మీద, టైల్స్ మీద దూకించవద్దు.

అడ్డంకి లేకుండా నేర్పాల్సినవి

రెండు మూడు వారాలు వీటికే ఇవ్వండి. ఇష్టమైన తిండిని బఠాణీ గింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. సరైన పని చేసిన క్షణంలోనే "ఎస్" లాంటి చిన్న మాట ఒకటి అని, వెంటనే ముక్క ఇవ్వండి. మాట ఒక క్షణం ఆలస్యమైతే కుక్క నేర్చుకునేది వేరే పని.

పరుగున రావడం: తోటివారు కుక్కను ఛాతీ దగ్గర మెత్తగా పట్టుకోవాలి. మీరు పది మీటర్లు ముందుకు పరుగెత్తి, ఆగకుండానే పిలవండి. అది మిమ్మల్ని అందుకున్నాక బొమ్మతో ఆడండి. బొమ్మతో ఆడటం ఎప్పుడూ అలవాటులేని కుక్కయితే, తిండి పెట్టిన చిన్న సంచీని ముందుకు విసిరితే పని జరుగుతుంది.

రెండు వైపులా నడక: చాలా కుక్కలకు ఎడమ పక్కన నడవడమే అలవాటు. ఎజిలిటీలో కుడి పక్క కూడా అంతే సహజంగా ఉండాలి. పెద్ద వలయంలో నడుస్తూ, తర్వాత పరుగెత్తుతూ, ఏ వైపు ఉంటే ఆ వైపు చేత్తోనే ముక్క ఇవ్వండి. అడ్డంగా రెండో చేత్తో ఇస్తే కుక్క మీ ముందుకొచ్చి కాళ్లకు అడ్డం పడుతుంది.

వెనక కాళ్ల స్పృహ: కుక్కకు ముందు కాళ్లు ఎక్కడ పడుతున్నాయో తెలుసు, వెనకవి వాటి వెంట ఈడ్చుకొస్తాయంతే. నేల మీద నిచ్చెన పడుకోబెట్టి మెట్ల మధ్య నెమ్మదిగా నడిపించండి. తక్కువ ఎత్తు పీట మీద ముందు కాళ్లు పెట్టించి, వెనక కాళ్లతో పీట చుట్టూ తిరగడం నేర్పండి. ఎత్తు పలక మీద జారకుండా కాపాడేది ఇదే.

టన్నెల్, హర్డిల్

టన్నెల్ వ్యాసం 60 సెంటీమీటర్లు. మొదట దాన్ని మీటరు పొడవుకు కుదించి, వంపు లేకుండా తిన్నగా ఉంచండి. ఒకరు ఈ చివర కుక్కను పట్టుకుంటే, మీరు ఆ చివర వంగి కళ్లలో కళ్లు పెట్టి పిలవాలి. వెళ్లడం అలవాటయ్యాకే పొడవు, ఆ తర్వాతే వంపు. రెండు పక్కలా ఇసుక సంచులు తప్పనిసరి. లోపల ఉండగా టన్నెల్ దొర్లిందంటే, ఆ భయం పోగొట్టడానికి వారాలు పడుతుంది.

హర్డిల్ కడ్డీ సుమారు 120 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పీవీసీ గొట్టంతో ఇంట్లోనే చేసుకోవచ్చు. కానీ కాలు తగలగానే కడ్డీ కిందపడిపోవాలి, ఎటువైపు నుంచి దూకినా సరే. బిగించిన కడ్డీ కాలు విరగ్గొడుతుంది. మొదట కడ్డీని నేలమీదే ఉంచండి. తర్వాత కుక్క మోచేయి ఎత్తు దాటనివ్వకుండా కొన్ని వారాలు చేయించండి. బహుమతిని మీ చేతి దగ్గర కాదు, హర్డిల్‌కు అవతల రెండు మీటర్ల దూరంలో నేలమీద వెయ్యండి. లేకపోతే అది గాల్లో ఉండగానే మీ వైపు తల తిప్పడం మొదలెడుతుంది.

కడ్డీలు పడేస్తుంటే వెంటనే కుక్కను నిందించకండి. మలుపు ఆలస్యంగా చెప్పడం, అది గాల్లో ఉండగా అరవడం, అలసట: ఎక్కువసార్లు కారణం ఈ మూడింట్లో ఒకటి. ఎప్పుడూ తాకని కుక్క ఉన్నట్టుండి తాకడం మొదలెడితే నొప్పో చూపులో తేడానో ఉండొచ్చు, డాక్టరుకు చూపించండి.

కాంటాక్ట్ అడ్డంకులు

ఏ-ఫ్రేమ్ (గుడిసె కప్పులా ఏటవాలుగా ఆన్చిన రెండు పలకలు), డాగ్ వాక్ (ఎత్తులో ఉన్న సన్నటి వంతెన లాంటి పలక), సీసా (see-saw, మధ్యలో ఆనించి పైకీ కిందికీ ఊగే పలక). వీటి అంచుల్లో వేరే రంగు పూసిన భాగాన్ని దిగేటప్పుడు కుక్క కాలు తాకాలి. పై నుంచి గెంతేస్తే తప్పు, పైగా భుజాలకు దెబ్బ. డాగ్ వాక్ నాలుగడుగుల ఎత్తు, పలక వెడల్పు ఒక్క అడుగే. కాబట్టి నేలమీద పెట్టిన పలకతో మొదలుపెట్టండి.

చివరి నుంచి వెనక్కి నేర్పండి: కుక్కను పలక చివర నిలబెట్టి, ముందు కాళ్లు నేలమీద, వెనక కాళ్లు పలక మీద ఉన్నప్పుడు నేలమట్టంలో ముక్క ఇవ్వండి. ఆ భంగిమ దానంతటదే పట్టడం మొదలయ్యాక పలక కింద ఒక ఇటుక, ఆపై రెండు.

సీసా వేరే సంగతి. కిందికి ఊగే పలక, దబ్బున చప్పుడు, రెండూ భయపెడతాయి. అందుకే విడివిడిగా అలవాటు చేయాలి. కింద దుప్పటి మడిచి పలక రెండంగుళాలే దిగేలా పెట్టి, కుక్క తనంతట తాను కాలితో నొక్కి చప్పుడు చేస్తే ముక్క ఇవ్వండి. మెడపట్టీ పట్టి లాక్కెళ్లడం మాత్రం వద్దు. ఒక్కసారి బెదిరితే డాగ్ వాక్ ఎక్కడానికీ జంకుతుంది, ఎందుకంటే ముందు నుంచి చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

వీవ్ పోల్స్ చివర్లో

వీవ్ పోల్స్ అంటే కుక్క మెలికలు తిరుగుతూ దాటే కర్రల వరస. పోటీలో పన్నెండు కర్రలు, మధ్య 60 సెంటీమీటర్లు. మొదటి కర్ర ఎప్పుడూ కుక్క ఎడమ భుజం పక్కగా రావాలి. వెన్నుకు శ్రమ ఎక్కువ కాబట్టి మిగతావన్నీ వచ్చాక మొదలుపెట్టి, రోజుకు ఐదారు సార్లతో ఆపండి. చేత్తో తిండి చూపిస్తూ మెలికలు తిప్పితే కుక్క చేతిని చూస్తుందిగానీ కర్రలను చూడదు. రెండే కర్రలు పాతి, వాటి మధ్యగా దూరగానే ముక్కను ముందుకు విసరండి. ఏ కోణం నుంచి వదిలినా సరిగ్గా దూరుతున్నప్పుడే ఇంకో రెండు కలపాలి.

కలిపి పరుగెత్తించడం

మూడు హర్డిళ్లు, ఒక్కో దాని మధ్య 5 నుంచి 7 మీటర్లు. కుక్క మీ మాట కంటే ముందు మీ పాదాలు, భుజాలు ఎటున్నాయో చూస్తుంది. హర్డిల్ తప్పించి పక్కనుంచి వచ్చేసిందంటే మీ కాలివేళ్లు ఎటు చూస్తున్నాయో గమనించండి. ఫోన్‌తో వీడియో తీస్తే తప్పు ఎవరిదో క్షణంలో తెలుస్తుంది. మలుపు చూపాలంటే కుక్క కాలు నేల వదలకముందే మీరు తిరగడం మొదలెట్టాలి.

ముందు ఐదు నిమిషాలు నడక, మెల్లని పరుగు. తర్వాత పాఠం పది నిమిషాలు దాటవద్దు. దూకడం ఉన్న పాఠాలు వారానికి రెండు మూడు చాలు. నాలుక వెడల్పుగా వేలాడుతున్నా, మాటిమాటికీ నేల వాసన చూస్తున్నా ఆపేయండి. రెండోది మొండితనం కాదు, చాలాసార్లు అర్థంకాక పడే ఒత్తిడి.

పోటీకి వెళ్లేముందు కుక్క ఎత్తు కొలిపించాలి. ఎఫ్‌సీఐ (కుక్కల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య) నిబంధనల ప్రకారం 35 సెంటీమీటర్ల లోపు కుక్కలది చిన్న వర్గం, 48 నుంచి పెద్ద వర్గం. హర్డిల్ ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. పరుగుకు ముందు కుక్క లేకుండా మైదానం నడిచి చూసుకోవడానికి కొన్ని నిమిషాలు ఇస్తారు. అప్పుడు అడ్డంకుల వరస అంకెలు బట్టీ పట్టడం కంటే ప్రతి మలుపు దగ్గర మీరు ఎటు వైపు ఉండాలో అక్కడే నిలబడి, చెయ్యి చూపిస్తూ నడవండి.