కొత్త ట్రైల్ సైకిల్‌తో కొండదారి ఎక్కే ముందు

మామూలు గేర్ సైకిల్ నుంచి ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న ట్రైల్ సైకిల్‌కి మారారా? అనంతగిరి అడవి దారికి బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

అన్నిటికంటే ముందు బ్రేకులు. చక్రం డిస్క్‌ని నొక్కి పట్టే కొత్త ప్యాడ్లు మొదటి రోజే పూర్తిగా పట్టవు. వాహనాలు లేని రోడ్డు మీద కాస్త వేగం అందుకుని, చక్రం లాక్ కాకుండా నడక వేగానికి తగ్గించండి. ఒక్కో బ్రేకుకూ 20 సార్లు ఇలా చేయాలి. ఇది చేయకుండా దిగుడు దారిలోకి మాత్రం దయచేసి వెళ్లకండి. చెయిన్‌కి నూనె వేసేటప్పుడు డిస్క్ మీద చుక్క కూడా పడకూడదు, అందుకే నాకు స్ప్రే అంటే భయం. చక్రం విప్పి ఉన్నప్పుడు హైడ్రాలిక్ బ్రేకు నొక్కితే ప్యాడ్లు దగ్గరికి వచ్చేస్తాయి, ఆ తర్వాత డిస్క్ దూరదు.

సస్పెన్షన్‌లో గాలిని షాక్ పంపుతోనే, అంటే సస్పెన్షన్ కోసమే చేసిన చిన్న పంపుతోనే కొట్టాలి. హెల్మెట్, నీళ్ల బ్యాగు వేసుకుని కూర్చుంటే వెనక షాక్ తన మొత్తం కదలికలో సుమారు 25 నుంచి 30 శాతం కుంగాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే.

ట్యూబ్‌లెస్ టైర్లలో పంక్చర్లను మూసే సీలెంట్ ద్రవం మన ఎండలకు త్వరగా ఎండిపోతుంది. రెండు మూడు నెలలకోసారి చూడండి.

బోల్టులు ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో, వాటి దగ్గర రాసిన అంకె వరకే బిగించండి. కార్బన్ హ్యాండిల్ అయితే మరీ జాగ్రత్త. మొదటి రెండు రైడ్ల తర్వాత పివట్ బోల్టులు, అంటే వెనక సస్పెన్షన్ కదిలే కీళ్ల దగ్గరి బోల్టులు, మళ్లీ చూడాలి.

బురదలో తిరిగొచ్చాక బేరింగుల మీద ప్రెషర్ వాటర్ కొట్టొద్దు. బకెట్ నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.