ఆప్రాన్ మీద పర్మాంగనేట్ మరకలకు

బయోటెక్, బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ ఏ గ్రూపు వాళ్లకైనా టైట్రేషన్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి కొలిచే ల్యాబ్ ప్రయోగం) రోజున ఆప్రాన్ (ల్యాబ్ కోటు) జేబు దగ్గర పర్మాంగనేట్ ద్రావణం ఊదా చుక్క పడటం, ఇంటికెళ్లేసరికి అది గోధుమరంగులోకి మారడం మామూలే. సబ్బుకి అది లొంగదు. నేనైతే బ్రష్‌తో రుద్ది రుద్ది జేబు కుట్టు ఊడగొట్టుకున్నాను.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మందుల షాపులో విటమిన్ సి మాత్రలు కొన్నాను. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి పొడి చేసి, పావు గ్లాసు నీళ్లలో కలిపి, దూదితో మరక మీద అద్దాలి. గోధుమరంగు కళ్లముందే కరిగిపోతుంది. తర్వాత మామూలుగా ఉతికేయడమే. వేళ్ల మీది మరకకీ ఇదే. నారింజ రంగు మాత్ర కాకుండా తెల్లది అడగండి, లేకపోతే ఆ రంగు అంటుకుంటుంది.

ల్యాబ్‌లో వాడే మరో రసాయనం సిల్వర్ నైట్రేట్ నల్ల మరకకు మాత్రం ఇది పనిచేయదు.