టెస్టింగ్ సొంతంగా నేర్చుకుందాం, 6వ పాఠం: 20 అక్షరాలు అంటే ఎవరి లెక్కలో 20?

ఈసారి డెసిషన్ టేబుల్స్ మొదలుపెడదాం అనుకున్నా, కానీ పోయినసారి ఎక్సర్‌సైజ్‌కి మీరు పంపిన జవాబులు చూశాక అది పక్కన పెట్టేశా. ఇచ్చింది చిన్నదే కదా, "పేరు ఫీల్డ్‌లో కనీసం 3, గరిష్ఠంగా 20 అక్షరాలు". దానికి హద్దుల దగ్గర టెస్ట్ చెయ్యాల్సిన నంబర్లు 2, 3, 20, 21 అని దాదాపు అందరూ కరెక్ట్‌గానే తీశారు, అంతవరకు బాగుంది. తీరా 21 దగ్గరికొచ్చేసరికి చాలామంది రాసింది ఇది: "21వ అక్షరం టైప్ అవ్వలేదు, కాబట్టి పాస్."

అది పాస్ కాదండి, ఆ టెస్ట్ అసలు జరగనే లేదు.

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల టెస్ట్ కేసుల్లో కూడా ఇదే కనిపిస్తుంది నాకు, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మనకి కావాల్సిన ప్రశ్న ఏంటి? 21 అక్షరాల పేరు వస్తే అప్లికేషన్ ఏం చేస్తుంది అని. మీరు చూసిందేంటి? హెచ్‌టీఎంఎల్‌లో మాక్స్‌లెంగ్త్ అనే సెట్టింగ్ కీబోర్డుని ఆపేసింది. సర్వర్‌కి వెళ్లింది 20 అక్షరాలే, అంటే మీరు 20 కేస్‌నే రెండుసార్లు నడిపారు. రేపు మొబైల్ యాప్ నుంచో, వేరే సిస్టమ్ నుంచో అదే ఏపీఐకి (ప్రోగ్రాములు సర్వర్‌తో మాట్లాడే దారి) 21 అక్షరాలొస్తే ఏమవుతుందో మీ రిపోర్ట్ చూసి ఎవరూ చెప్పలేరు, కానీ అందులో పచ్చరంగు పాస్ ఉంది కాబట్టి ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు కూడా.

ఒకరు ఆటోమేషన్ స్క్రిప్ట్ రాసి "నాకు 21 ఎక్కింది, ఫెయిల్" అన్నారు, ఇంకొకరు "నాకు ఎక్కలేదు" అన్నారు. ఇద్దరూ చూసింది నిజమే. సెలీనియం అనే బ్రౌజర్ ఆటోమేషన్ టూల్‌లో సెండ్ కీస్ కమాండ్ వాడితే అది మనిషి టైప్ చేసినట్టే కాబట్టి మాక్స్‌లెంగ్త్ ఆపుతుంది. జావాస్క్రిప్ట్‌తో నేరుగా వాల్యూ పెట్టేస్తే ఆపదు, ఫామ్ సబ్మిట్ చేసేటప్పుడు కూడా బ్రౌజర్ ఏమీ అనదు, ఎందుకంటే ఆ చెక్ యూజర్ మార్చిన వాల్యూకి మాత్రమే. మిన్‌లెంగ్త్ (కనీసం ఎన్ని అక్షరాలో చెప్పే సెట్టింగ్) సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా: ఫీల్డ్ పూర్తిగా ఖాళీగా ఉంటే అది అసలు పట్టించుకోదు, రిక్వైర్డ్ అని విడిగా పెట్టాల్సిందే. అంటే 2, 3తో పాటు 0 కూడా మీ లిస్ట్‌లో ఉండాలి. అది పెట్టినవాళ్లు చాలా తక్కువమంది.

సరే, 21ని నిజంగా పంపడం ఎలా? నేనైతే ఫైర్‌ఫాక్స్ వాడతా. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ముందు 20 అక్షరాలతో మామూలుగా సేవ్ చేసి, ఆ రిక్వెస్ట్ మీద రైట్ క్లిక్ కొట్టి, ఎడిట్ అండ్ రీసెండ్‌లో పేరుకి ఇంకో అక్షరం తగిలించి పంపేస్తా. దీనికోసం ప్రత్యేకంగా ఏ టూలూ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. మీ ప్రాజెక్టు టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లోనే చెయ్యండి, వేరేవాళ్ల లైవ్ సైట్ల జోలికి వెళ్లొద్దు. సర్వర్ నుంచి 400 (పంపింది తప్పు అనే కోడ్) వచ్చి, ఏం తప్పో అర్థమయ్యే మెసేజ్ ఉంటే అప్పుడు పాస్. 500 (సర్వర్ లోపలే ఏదో చెడింది అనే కోడ్) వస్తే బగ్. 200 (అంతా సరే అనే కోడ్) వచ్చి పేరు చడీచప్పుడు లేకుండా 20 దగ్గర తెగిపోయి సేవ్ అయితే అది అన్నిటికన్నా పెద్ద బగ్, యూజర్‌కి తన పేరు తెగిందని కూడా తెలీదు.

ఇప్పుడు అసలు విషయం. మీలో చాలామంది పంపిన టెస్ట్ డేటా ఏంటి? ఇంగ్లిష్ "ఏ" అక్షరం ఇరవైసార్లు. ఇక్కడే చిక్కు. ఆ డేటాతో లెక్కపెడితే స్క్రీన్‌కీ, సర్వర్‌కీ, డేటాబేస్‌కీ అన్నిటికీ ఒకే నంబర్ వస్తుంది, వాటి లెక్కలు వేరువేరని బయటపడే ఛాన్సే ఉండదు.

అదే ఫీల్డ్‌లో "రాజ్యలక్ష్మి" అని పెట్టండి. కంటికి నాలుగక్షరాలు: రా, జ్య, ల, క్ష్మి. యూనికోడ్ కోడ్ పాయింట్లుగా, అంటే కంప్యూటర్ విడివిడిగా నంబర్ ఇచ్చే గుర్తులుగా విడదీస్తే ర, దీర్ఘం, జ, పొల్లు, య, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం 12. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగినా 12 అనే అంటుంది. అక్షరాల్ని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి 3 బైట్లు, అంటే 36 బైట్లు. స్క్రీన్ 12 అనుకుని లోపలికి వదిలేసింది. వెనక ఒరాకిల్ డేటాబేస్‌లో ఆ కాలమ్‌ని వార్‌క్యార్2 (టెక్స్ట్ దాచే కాలమ్ రకం), 20 అని మాత్రమే రాసి వదిలేస్తే డిఫాల్ట్‌గా అది 20 బైట్లు, 20 అక్షరాలు కాదు. ఇన్సర్ట్ అక్కడే తన్నేస్తుంది, యూజర్‌కి మాత్రం "ఏదో పొరపాటు జరిగింది" అని కనిపిస్తుంది.

కింది హద్దు ఇంకా ఘోరం. "ఉమ" అనే పేరుకి కోడ్ పాయింట్లు 2, కనీసం 3 ఉండాలి కాబట్టి రిజెక్ట్. "శ్రీ" అని ఒక్కక్షరం పెడితే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి 4, దర్జాగా లోపలికెళ్లిపోతుంది. రూల్ రాసినవాళ్ల మనసులో ఉన్నది ఇదేనా అని అడగాల్సింది మనమే.

"అయితే కంటికి కనిపించే అక్షరాలే లెక్కపెడితే సరిపోతుంది కదా" అనొచ్చు. అదీ తేలిక కాదు. "స్త్రీ"ని యూనికోడ్ పాత రూల్స్ ప్రకారం ముక్కలు చేసే లైబ్రరీ (ప్రోగ్రాముల్లో వాడుకునే రెడీమేడ్ కోడ్) 3 అంటుంది, 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో ఒత్తులని కలిపి చూసే రూల్ చేర్చారు కాబట్టి దాన్ని పాటించే లైబ్రరీ 1 అంటుంది. ఫోన్‌లో ఒక వెర్షన్, సర్వర్‌లో ఇంకో వెర్షన్ ఉంటే అదే పదానికి రెండు జవాబులొస్తాయి. ఎమోజీలూ అంతే, అమ్మ నాన్న ఇద్దరు పిల్లలున్న ఫ్యామిలీ ఎమోజీ కంటికి ఒకటే, కోడ్ పాయింట్లు 7, జావాస్క్రిప్ట్ లెంగ్త్ 11, బైట్లు 25.

పెద్ద టెక్స్ట్ బాక్సుల్లో ఇంకోటుంది. ఎంటర్ కొడితే బ్రౌజర్ మాక్స్‌లెంగ్త్ లెక్కలో అది 1, కానీ మామూలు ఫామ్ సబ్మిట్‌లో సర్వర్‌కి వెళ్లేటప్పుడు అదే 2 క్యారెక్టర్లవుతుంది. 200 లిమిట్ ఉన్న బాక్స్‌ని అయిదు ఎంటర్లతో నిండా నింపితే సర్వర్‌కి చేరేది 205. ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్ అయితే 160, మధ్యలో ఒక్క తెలుగు అక్షరం పడినా మెసేజ్ మొత్తానికి లిమిట్ 70కి పడిపోతుంది.

ఇవన్నీ ఎక్కడో మూల జరిగే విషయాలు అనుకోకండి. 2024 అక్టోబర్ 30న వేరే కంపెనీలకి లాగిన్ సర్వీస్ ఇచ్చే ఆక్టా కంపెనీ తమ లాగిన్‌లో దొరికిన లోపం ఒకటి బయటపెట్టింది. యూజర్‌నేమ్ 52 అక్షరాలు లేదా అంతకంటే ఎక్కువుంటే, కొన్ని పరిస్థితుల్లో పాస్‌వర్డ్ సరిగ్గా లేకపోయినా లోపలికి వెళ్లే వీలుంది. కారణం బీక్రిప్ట్, అంటే పాస్‌వర్డ్ లాంటివాటిని వెనక్కి చదవలేని కోడ్‌గా మార్చే పద్ధతి. అది 72 బైట్ల వరకే చూస్తుంది, అక్కడ యూజర్ ఐడీ, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఈ వరసలో కలిపి ఇచ్చారు, పేరు పొడుగైతే పాస్‌వర్డ్ దాకా వెళ్లకముందే 72 నిండిపోతుంది. జూలై 23 రిలీజ్‌తో వచ్చిన లోపం మూడు నెలలకి పైగా అలాగే ఉంది. 52 అనే నంబర్ ఏ రిక్వైర్‌మెంట్‌లో ఉంటుంది చెప్పండి? లోపల ఎవరు లెక్కపెడుతున్నారో అడిగితేనే ఆ హద్దు దొరుకుతుంది. మీ ప్రాజెక్టులో కూడా బీక్రిప్ట్ ఉంటే డెవలపర్‌ని వెంటనే అడగండి, తెలుగులో పాస్‌వర్డ్ పెడితే 24 కోడ్ పాయింట్లకే 72 బైట్లు అయిపోతాయి.

పొడుగు టెక్స్ట్ ఎక్కడ తెగిందో చూడ్డానికి నాకు బాగా నచ్చింది కౌంటర్‌స్ట్రింగ్, అంటే తన పొడవు తానే చెప్పే టెక్స్ట్, టెస్టింగ్ నిపుణుడు జేమ్స్ బాక్ పెర్ల్‌క్లిప్ టూల్‌తో బాగా వాడుకలోకొచ్చింది. 21 అక్షరాలది ఇలా ఉంటుంది:

*3*5*7*9*12*15*18*21*

మొదటిది తప్ప ప్రతి చుక్క (*) ముందున్న నంబరే ఆ చుక్క ఎన్నో స్థానంలో ఉందో చెబుతుంది. సేవ్ చేసి మళ్లీ తెరిస్తే చివర 21 ఉండి దాని పక్కన చుక్క లేదనుకోండి, 20 దగ్గర తెగింది, వేలు పెట్టి లెక్కపెట్టుకునే పనే లేదు. అంకెలు ఒప్పుకోని ఫీల్డ్‌లో ఇది నడవదు, రిమార్క్స్, అడ్రస్ లాంటివాటికి వాడండి.

ఇక ప్రాక్టీస్. ఈసారి కష్టంగానే ఉంటుంది, వారం తీసుకోండి. మీకు యాక్సెస్ ఉన్న టెస్ట్ అప్లికేషన్‌లో లిమిట్ ఉన్న ఫీల్డ్ ఒక్కటంటే ఒక్కటే పట్టుకోండి. దానికి నాలుగు రకాల డేటా తయారుచెయ్యండి: ఉత్త ఇంగ్లిష్, ఒత్తులున్న తెలుగు, ఎమోజీ కలిసింది, ముందూ వెనకా స్పేస్‌లున్నది. ఒక్కోదాన్ని హద్దుకి ఒకటి తక్కువ, సరిగ్గా హద్దు, ఒకటి ఎక్కువగా కట్టండి, ఏ లెక్కలో కట్టారో పక్కనే రాయండి. ప్రతిదానికీ నాలుగు చోట్ల ఏముందో నోట్ చెయ్యండి, అంటే స్క్రీన్ కౌంటర్ చూపించింది, రిక్వెస్ట్‌లో వెళ్లింది, డేటాబేస్‌లో నిలిచింది, మళ్లీ తెరిస్తే కనిపించింది. డేటాబేస్ యాక్సెస్ లేనివాళ్లు ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి, ఊహించి నింపొద్దు. ఏ రెండు గడులు కలవలేదో దాని మీద ఒక బగ్ రిపోర్ట్ రాసి పంపండి, స్క్రీన్‌షాట్ ఒక్కటే కాకుండా రిక్వెస్ట్ బాడీ, రెస్పాన్స్ కోడ్ కూడా అందులో ఉండాలి. వచ్చే పాఠంలో ముందు ఆ రిపోర్టులు చూద్దాం, డెసిషన్ టేబుల్స్ ఆ తర్వాతే.