రెండు కండె పైపులు, రెండు రకాల వర్జీనియా

మాది కొయ్యలగూడెం దగ్గర పల్లె. ఇంటి వెనక రెండు బ్యారన్లు, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్లు, ఉండేవి. ఆకు కాలడం అయ్యాక నాన్న రాత్రిపూట తలుపులు తీసి ఉంచేవాడు, చలిగాలికి ఆకు పదునుకు రావడానికి. తెల్లారుజామున ఒక ఆకు గుప్పిట్లోకి తీసుకుని మెల్లగా నొక్కి చెవి దగ్గర పెట్టుకునేవాడు. గలగలమంటే ఇంకా ఆగాలి. చప్పుడు లేకుండా మడతపడి, వదిలేస్తే మళ్లీ విచ్చుకుంటే దించొచ్చు. ఇప్పుడు నేనుండేది నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో. పొగాకు పైపు పట్టి పదిహేనేళ్లయింది. కొత్త టిన్ను మూత తీసినప్పుడల్లా ముందు చేసేది ఆ గుప్పిట పరీక్షే.

ముందుగా ఒక మాట. పైపు పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నోటికీ గొంతుకూ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టొద్దు. అమెరికాలో 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మరు కూడా. ఇప్పటికే తాగుతూ, లేత వర్జీనియా (బ్యారన్ వేడిలో ఆరబెట్టే రకం పొగాకు) కోసం డబ్బా మీద డబ్బా మారుస్తున్నవాళ్లకు, రెండు రకాలను పక్కపక్కన పోల్చి చూడడం ఎలాగో రాస్తున్నాను.

వర్జీనియాలో ‘లైట్’ అంటే ఆకు రంగు. ఘాటు తక్కువని కాదు. మన పొగాకు వేలం కేంద్రాల్లో ‘బ్రైట్ గ్రేడు’ అంటాం చూడండి, అదే ఇది. మొక్క అడుగు నుంచి పైకి వారానికి రెండు మూడు ఆకుల చొప్పున రెలుపుతాం (కోస్తాం) కదా. కింది ఆకు పల్చన, రంగు లేత, నికోటిన్ తక్కువ. పైకి వెళ్లేకొద్దీ ఆకు మందం, రంగు ముదురు, ఘాటు ఎక్కువ. టిన్ను మీద గోల్డెన్, బ్రైట్, లెమన్ అని ఉంటే లేత ఆకు. రెడ్ అంటే ముదురు ఆకు. స్టోవ్డ్ అంటే మళ్లీ వేడి పెట్టి నల్లబరిచింది, మనం వెతుకుతున్నది కాదు. క్యావెండిష్ అన్నదాన్ని ఆవిరి పట్టి, చాలాసార్లు వెనిలా లాంటి వాసనలు కలిపి చేస్తారు. అది ఎంత బాగున్నా ఈ పోలికలోకి తేవద్దు.

ఈ ఆకుకు తీపి బ్యారన్‌లోనే వస్తుంది. మొదట 95, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆకు పండుతుంది. పిండి పదార్థం చక్కెరగా మారేది అప్పుడే. ఆ పైన వేడి పెంచి రంగు నిలబెడతారు, చివర 160 దాకా తీసుకెళ్లి ఈనె ఎండబెడతారు. ఆరేడు రోజుల పని. నీడలో నిదానంగా ఆరే బర్లీ అనే మరో రకం ఆకు తన చక్కెరను తానే ఖర్చు చేసుకుంటుంది, దానికి ఈ తీపి ఉండదు. ఈ పద్ధతి పుట్టింది ఇక్కడ డర్హమ్‌లో మా ఇంటికి గంట దూరంలో, కాస్వెల్ కౌంటీలో. 1839లో స్లేడ్ కుటుంబం పొలంలో స్టీఫెన్ అనే బానిస యువకుడు బ్యారన్ మంటకు కాపలా ఉండి నిద్రపోయాడని, ఆరిపోతున్న మంటలో కమ్మరి కొలిమి బొగ్గులు తెచ్చి వేస్తే ఆ వేడికి ఆకు పసుప్పచ్చగా తిరిగిందని చెబుతారు. మొదటిసారి ఆ దారిన కారులో వెళ్తూ నాన్నను తలుచుకున్నాను.

చక్కెర ఎక్కువ కాబట్టి లేత వర్జీనియా వేడిగా కాలుతుంది. గబగబా పీలిస్తే నాలుక మండుతుంది. చాలామంది ఆ మంటను పొగాకు తప్పుగా రాసుకుని మంచి మిశ్రమాన్ని వదిలేస్తారు. నేనూ ఒక దుకాణంలో కొన్న ఫ్లేకును (అదిమి పలచని ముక్కలుగా కోసిన పొగాకును) తడి ఆరకుండానే దట్టించి తాగి, రెండు రోజులు కాఫీ కూడా తాగలేకపోయాను. అదే ఫ్లేకును నెల తర్వాత ఆరబెట్టి తాగితే ఎండుగడ్డి వాసన, వెనకాలే నిమ్మతొక్క చేదు, అడుగుకు వచ్చేసరికి రొట్టె కాల్చిన కమ్మదనం.

కాబట్టి పోలికలో పొగాకు తప్ప మిగతావన్నీ ఒకేలా ఉంచాలి. నేను వాడేవి రెండు మొక్కజొన్న కండె పైపులు, ఒకే సైజువి. మిస్సోరీలో 1869 నుంచి చేస్తున్న రకం, చవక. కొత్త కండెకు పాత పొగాకు వాసన పట్టి ఉండదు. ఒక్కో పైపు ఒక్కో పొగాకుకే. అదే పోలికలోకి మూడో పొగాకును తేకండి, నాలుక లెక్క తప్పుతుంది.

టిన్ను తీశాక కాస్త ఆకు తెల్ల కాగితం మీద పరిచి పగటి వెలుతురులో చూడండి. పసుపు, నారింజ, గోధుమ రంగు పోగులు ఎంతెంత ఉన్నాయో కంటికే తెలుస్తుంది. వాసన చూడండి. ఎండుగడ్డి, అంజీరు లాంటి వాసనలు ఆకువి. పూల అత్తరులా కొడితే పైన చల్లింది. ఫ్లేకు అయితే వేళ్లతో విడదీసి అరగంట ఆరనివ్వండి. ఇంగ్లండు నుంచి వచ్చేవాటిలో కొన్నింటికి గంట పడుతుంది. ఇక గుప్పిట పరీక్ష: నొక్కితే ముద్దకట్టకూడదు, నలిగి పొడికాకూడదు. రెండు రకాలూ ఒకే పదునుకు వచ్చాకే పైపులో పెట్టండి. ఈ ఒక్క పని చేస్తే సగం గొడవ తీరుతుంది.

తాగడం ఒకే వేళకు, భోజనమైన గంటకు. పక్కన నీళ్లు చాలు, కాఫీ వద్దు. ఆరిపోతే మళ్లీ వెలిగించుకోండి, ఆరకుండా లాగడం కంటే అదే మేలు. ఒక్కోదాన్ని మూడు వేర్వేరు రోజుల్లో తాగాకే తీర్పు రాయండి.

ఏవి కొనాలంటే, క్యాప్‌స్టన్‌తో మొదలుపెట్టండి. మన తాతల కాలంలో సిగరెట్టు పెట్టె మీద చూసిన విల్స్ వారి పేరే. పైపు పొగాకుగా గోల్డ్, బ్లూ అని రెండు ఫ్లేకులు. పక్కపక్కన పెడితే రంగూ ఘాటూ ఎలా మారతాయో తెలిసిపోతుంది. ఆ తర్వాత డెన్మార్కు వారి ఓర్లిక్ గోల్డెన్ స్లైస్డ్. ఇందులో లూసియానాలో పీపాల్లో పులియబెట్టే పెరీక్ ఆకు కొంచెం పడుతుంది, కాబట్టి మిరియపు ఘాటు తగిలితే అది వర్జీనియాది కాదు. ఇంగ్లండులోని కెండల్‌లో 1792 నుంచి ఉన్న శామ్యూల్ గావిత్ వారి బెస్ట్ బ్రౌన్ ఫ్లేకు లేతకూ ముదురుకూ మధ్యది, కాబట్టి దాన్ని చివర పెట్టుకోండి. దుకాణంలో విడిగా అమ్మేవి ఉంటే ఔన్సు, అంటే 28 గ్రాములు, చాలు.

కిందటేడు మా బావ ఊరి నుంచి వచ్చాడు. ఇప్పటికీ బ్యారన్ నడుపుతున్నాడు. క్యాప్‌స్టన్ గోల్డ్ ముక్క చేతికిస్తే విప్పి, ఎండలో తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, “అడుగాకు, నడిమాకు కలిపార్రా, ఆకు బాగానే పండనిచ్చారు” అన్నాడు. బావ పొగ తాగడు.

మిగిలిన ఆకును గాజు సీసాలో పెట్టి మూత బిగించి, తెరిచిన తేదీ రాసి చీకట్లో ఉంచండి. ఏడాదికి రంగు ముదురుతుంది, తీపి కుదురుకుంటుంది. నా అలమరలో ఇప్పుడు మొన్న మార్చిలో మూతబెట్టిన సీసా ఒకటి ఉంది. వచ్చే మార్చిలో అదే పొగాకు కొత్త టిన్ను కొని, అవే రెండు కండె పైపులతో పక్కపక్కన చూస్తాను.