రెండు యాంప్‌లు కలపగానే హమ్మింగ్: గ్రౌండ్ లూప్‌ను ఎక్కడ తెంచాలి

గిటార్ యాంప్ (యాంప్లిఫయర్) ఒక్కటే ఉన్నంతసేపూ నిశ్శబ్దంగా ఉంటుంది. స్టీరియో డిలే పెడల్ (ప్రతిధ్వని పుట్టించి రెండు యాంప్‌లకు పంపే పెడల్) నుంచి రెండో యాంప్‌కి కేబుల్ పెట్టగానే ఒకే శ్రుతిలో లోతైన మోత మొదలవుతుంది. వాయించినా మానినా తగ్గదు. ఇది చాలావరకు గ్రౌండ్ లూపే.

రెండు యాంప్‌లకీ త్రీ పిన్ ప్లగ్ ఉంది కాబట్టి వాటి ఛాసీలు (లోహపు చట్రాలు) గోడలోని ఎర్త్ వైరు ద్వారా ముందే కలిసి ఉన్నాయి. ఇప్పుడు గిటార్ కేబుళ్ల షీల్డు (సిగ్నల్ తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) వాటిని రెండోసారి కలిపింది. ఈ రెండు దారులూ కలిసి ఒక చుట్టు అయ్యాయి. చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రమూ ఎర్త్ వైర్లలోని లీకేజీ కరెంటూ ఆ చుట్టులో 50 హెర్ట్జ్ కరెంటును నడిపిస్తాయి. షీల్డుకున్న కొద్దిపాటి రెసిస్టెన్స్ మీద అది మిల్లీవోల్టుల్లో వోల్టేజీ పుట్టిస్తుంది. గిటార్ సిగ్నల్ తిరిగి వెళ్లే దారి కూడా ఆ షీల్డే. అందుకే యాంప్ రెండింటినీ కలిపి పెంచేస్తుంది.

ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేసినా, టూ పిన్ కన్వర్టర్ పెట్టినా మోత ఆగుతుంది. కానీ ఆ పని ఎప్పుడూ చేయకండి. ఆ యాంప్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇన్సులేషన్ పోతే 230 వోల్టులు ఛాసీ మీదికి వస్తాయి. అక్కడి నుంచి షీల్డు, బ్రిడ్జి (గిటార్ మీద తీగలు ఆనే లోహపు భాగం), తీగల మీదుగా మీ వేళ్లదాకా వస్తాయి. రెండో చేయో పెదవో మైకుకు తగిలితే కరెంటు ఒంట్లోంచి దాటుతుంది. స్కాటిష్ బ్యాండు స్టోన్ ద క్రోస్ గిటారిస్టు లెస్లీ హార్వే 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో వేదిక మీదే, ఎర్తింగ్ సరిగా లేని మైకును తాకి చనిపోయాడు. లూప్‌ను తెంచాల్సింది సిగ్నల్ కేబుల్ దగ్గరే.

అసలు లూపేనా?

గిటార్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. మోత పోతే అది పికప్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం) పట్టుకుంటున్నది, లూప్ కాదు. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) గిటార్ పట్టుకుని మెల్లగా చుట్టూ తిరిగితే ఒక దిక్కున పెరిగి ఇంకో దిక్కున తగ్గుతుంది. యాంప్‌కి రెండడుగులు దూరం జరగడం, ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపి చూడడం దానికి మందు.

తీగలు తాకగానే గరగర తగ్గితే గిటార్ లోపలి షీల్డింగ్ చూసుకోవాలి. లూప్ మోత తాకినా తాకకపోయినా ఒకేలా ఉంటుంది. తాకినప్పుడు వేళ్లు జివ్వుమంటే మాత్రం వెంటనే అన్నీ ఆపేయండి. ఎక్కడో ఎర్త్ లేదు.

యాంప్‌కి ఏమీ గుచ్చకుండానే మోత వస్తుంటే, అందులోనూ అది 100 హెర్ట్జ్ బర్రుమనే శబ్దమైతే, లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు పాతబడి ఉంటాయి. వాల్వ్ (గాజు గొట్టాల) యాంప్‌లో అవి స్విచ్ ఆపిన తర్వాత కూడా వందల వోల్టులు పట్టి ఉంచుతాయి. మెకానిక్‌కి ఇవ్వండి. స్పీకర్ దగ్గర ఫోన్‌లో ట్యూనర్ తెరిస్తే 50కీ 100కీ రెండింటికీ 'జి' చూపిస్తుంది, సుమారు 35 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) ఎక్కువగా. సూది అక్కడ కదలకుండా నిలిస్తే శబ్దం కరెంటు లైను నుంచే వస్తోందని అర్థం. 'కీ' అని సన్నగా వచ్చే శబ్దం సంగతి వేరు. ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా కరెంటు తీసుకుంటున్న డిజిటల్ పెడల్ చేసే శబ్దం అది. దానికి ఐసోలేటెడ్ (ప్రతి అవుట్‌పుట్ విడిగా ఉండే) పవర్ సప్లయ్ కావాలి. డిజిటల్ పెడల్‌కి 9 వోల్టుల దగ్గర 300 నుంచి 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగల అవుట్‌పుట్ చూసుకోండి.

ముందు సాకెట్, తర్వాత కేబుల్

మన ఇళ్లలో, ముఖ్యంగా పాత అద్దె ఇళ్లలో, మూడో రంధ్రానికి వైరే ఉండకపోవడం మామూలే. మల్టీమీటర్‌ను ఏసీ 750 వోల్టుల రేంజిలో పెట్టండి. ఫేజ్-న్యూట్రల్ మధ్య సుమారు 230, ఫేజ్-ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఫేజ్-ఎర్త్ మధ్య 60, 110 అని తేలుతూ కనిపిస్తే అక్కడ ఎర్త్ లేదు. మీటరు వాడే అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇది సరయ్యేదాకా మిగతా ఏ పనీ మొదలుపెట్టవద్దు.

తర్వాత రెండు యాంప్‌లు, పెడల్ సప్లయ్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర 1380 వాట్లు ఇస్తుంది. రెండు 50 వాట్ల వాల్వ్ యాంప్‌లకి అది ధారాళం. గదికి చెరో మూల సాకెట్లలో పెడితే చుట్టు పెద్దదవుతుంది, ఎర్త్‌ల మధ్య తేడా కూడా పెరుగుతుంది. చాలాసార్లు ఈ ఒక్క మార్పుతోనే మోత సగానికి పైగా పోతుంది.

ఇంకా మిగిలితే రెండో యాంప్ కేబుల్‌ను యాంప్ వైపు బయటికి తీసి, ప్లగ్ స్లీవ్‌కీ (షీల్డు కలిసే పొడవాటి భాగం) ఆ యాంప్ ఛాసీకీ మధ్య ఏసీ వోల్టేజీ చూడండి. కొన్ని మిల్లీవోల్టులు కనిపిస్తే మామూలు లూప్. పదుల వోల్టులు కనిపిస్తే కేబుల్ గుచ్చకండి, మళ్లీ ఎర్తింగ్ దగ్గరికి వెళ్లండి.

ట్రాన్స్‌ఫార్మర్‌తో తెంచడం

అసలైన పరిష్కారం 1:1 ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. సిగ్నల్ అయస్కాంతంగా దాటుతుంది, షీల్డు దాటదు. ఐసోలేటెడ్ అవుట్‌పుట్ ఉన్న ఏబీవై బాక్స్ (సిగ్నల్‌ను ఒక యాంప్‌కో రెండింటికో పంపే డబ్బా) కొనవచ్చు, సొంతంగానూ చేసుకోవచ్చు. కావలసినవి 10 కిలోఓమ్‌లకు 10 కిలోఓమ్‌ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, మోనో జాక్ సాకెట్లు రెండు, చిన్న డబ్బా. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట జాక్‌లను పీ-38 అని అడిగితే ఇస్తారు.

ప్రైమరీ (సిగ్నల్ వచ్చే వైపు) రెండు వైర్లు ఒక సాకెట్ టిప్ (కొస), స్లీవ్‌లకు, సెకండరీ (సిగ్నల్ వెళ్లే వైపు) రెండోదానికి సోల్డర్ చేయండి. ఎక్కువమంది దెబ్బతినేది డబ్బా దగ్గర. ఇనుప డబ్బాకి రెండు సాకెట్ల స్లీవ్‌లూ తగిలితే లూప్ మళ్లీ కలిసిపోయినట్టే. ఒకటి ప్లాస్టిక్ బాడీ సాకెట్ అయి ఉండాలి. డబ్బాను ఇన్‌పుట్ వైపు స్లీవ్‌కే కలపండి. చివరికి మల్టీమీటర్‌తో చూస్తే రెండు స్లీవ్‌ల మధ్య కంటిన్యూటీ బీప్ రాకూడదు.

దీన్ని రెండో యాంప్‌కి వెళ్లే కేబుల్లోనే, పెడల్ తర్వాత పెట్టాలి. గిటార్ నుంచి నేరుగా పెడితే పికప్‌కి అది బరువై పై స్వరాల మెరుపు చచ్చిపోతుంది. యాంప్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి అడుగైనా దూరంగా ఉంచండి, లేదంటే ఇదే కొత్త మోత తెస్తుంది. రెండు యాంప్‌లూ కలిసి మోగినప్పుడు బేస్ పలచబడితే సిగ్నల్ ఫేజ్ (అలల దిశ) తిరగబడిందని అర్థం. సెకండరీ వైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి.

నాయిస్ గేట్ కొని సరిపెట్టుకోకండి. వాయించడం ఆగినప్పుడు మాత్రమే అది శబ్దాన్ని మూస్తుంది, వాయిస్తున్నంతసేపూ స్వరం కింద మోత ఉంటూనే ఉంటుంది.

ఒకే యాంప్, నాలుగు కేబుళ్లు

ఎఫెక్ట్స్ లూప్ (యాంప్ మధ్యలోంచి సిగ్నల్‌ను పెడళ్లకు పంపి తిరిగి తీసుకునే దారి) వాడితే పెడల్ బోర్డుకీ యాంప్‌కీ మధ్య మూడు షీల్డులు వెళ్తాయి: ఇన్‌పుట్, సెండ్, రిటర్న్. నాలుగో కేబుల్ గిటార్ నుంచి బోర్డుకు వచ్చేది. రిటర్న్ కేబుల్‌కి యాంప్ వైపు ప్లగ్ విప్పి, షీల్డు మాత్రం తెంచి ఇన్సులేట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది. గ్రౌండ్ మిగతా రెండు కేబుళ్ల మీదుగా వెళ్తుంది. ఆ కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టండి. పొరపాటున దాన్ని గిటార్‌కి గుచ్చితే స్పీకర్ హోరెత్తుతుంది.

ల్యాప్‌టాప్ కలిస్తే

ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. మోత పోతే లూప్ ఛార్జర్ గుండా ఉంది. యాంప్‌కీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కీ (శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే పెట్టె) మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మైకు తరహా లైనుకు మార్చే డబ్బా) పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. ఆ స్విచ్ ఎక్స్‌ఎల్‌ఆర్‌లో (మైకు కేబుల్‌కుండే మూడు పిన్నుల కనెక్టర్) ఒకటో పిన్ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టదు. కాబట్టి భయం లేదు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లినప్పుడే గరగర మొదలైతే ఈ తంటాలేవీ అక్కర్లేదు. అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ శబ్దం. సైన్ వేవ్ ఇన్వర్టర్‌కి మారితేనే పోతుంది.